ముందు చక్రాలు తిన్నగా నడవాలంటే



రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే దారిలో ధమ్తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. 12 మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క అడవి లోయ. ఘాట్‌లో తెలిన్ అమ్మవారి గుడి ఉంది. ఆ దారిన పోయే డ్రైవర్లు అక్కడ దండం పెట్టుకుని కదులుతారు. రెండేళ్ళ కిందట, చలికాలంలో ఒక ఉదయం, తిరుగు దారిలో ఆ ఘాట్ దిగుతుండగా మా నాన్నగారి అంబాసిడర్ స్టీరింగ్ నా చేతుల్లో వణకడం మొదలుపెట్టింది. చిన్న గతుకు తగిలింది, అంతే. చక్రాలు రెండూ కుడీ ఎడమా కొట్టుకున్నాయి. బండి మొత్తం కదిలిపోయింది. బ్రేకు మీద కాలు మెల్లగా నొక్కుతూ, గేరు తగ్గించుకుంటూ, ఎలాగో వెడల్పున్న చోట పక్కకి తీసి ఆపాను. చేతులు చాలాసేపు స్వాధీనంలోకి రాలేదు.

బాధ ఎక్కడంటే, సరిగ్గా ఆ ప్రయాణం కోసమే అంతకు రెండు వారాల కిందటే ముందు చక్రాలకు అలైన్‌మెంట్ చేయించాను.

ఆ బండి 1968 నాటిది. మార్క్-2 మోడల్. మా నాన్నగారు విజయనగరం దగ్గర పల్లె నుంచి రైల్వే ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చారు. విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య రైలు మార్గం 1931లో పూర్తయింది. అప్పట్నుంచి ఆ పట్టాల మీదే ఉత్తరాంధ్ర జనం ఎందరో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. రైల్వే కాలనీల్లో, గుఢియారీలో, ఖమ్‌తరాయ్‌లో ఇప్పటికీ సాయంత్రం పూట వీధి అరుగుల మీద తెలుగు వినబడుతుంది. నాన్నగారు పోయాక బండి నాకు మిగిలింది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. కాబట్టి చక్రం గురించి నాకు బాగా తెలుసుననే అనుకునేదాన్ని.

ఆ ఏడాది బండి ఎడమకు లాగుతోందని అనిపించింది. స్టీరింగ్ వదిలితే రోడ్డు పక్కకి పోయేది. ఎవర్నడిగినా "అలైన్‌మెంట్ పోయింది, చేయించండి" అన్నారు. రింగురోడ్డు మీద కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళాను. చక్రాలకు క్లాంపులు తగిలించారు, కెమెరాలు చూశాయి, తెర మీద అంకెలు వచ్చాయి. బండ్ల జాబితాలో అంబాసిడర్ లేదు. అబ్బాయి దగ్గరగా ఉందనుకున్న ఇంకేదో మోడల్ ఎంచుకున్నాడు. పానాతో అటూ ఇటూ తిప్పాక ఎర్ర అంకెలు పచ్చగా మారాయి. డబ్బు కట్టాను, ఇంటికి వచ్చాను. బండి అప్పటికీ ఎడమకే లాగుతోంది. అదీగాక స్టీరింగ్ కాస్త వంకరగా నిలబడింది. అయినా పచ్చ అంకెలు చూశాను కదా అనే ధీమాతో జగదల్‌పూర్ బయల్దేరాను.

ఆ యంత్రం చెడ్డదని నేను అనడం లేదు. డిగ్రీలో నూరో వంతు కూడా కొలవగలదది. కానీ ఏ అంకెకు తేవాలో మనం చెప్పాలి. కీళ్ళన్నీ గట్టిగా ఉన్న బండిని దాని ముందు పెట్టాలి. పాత బండి విషయంలో ఈ రెండూ జరగవు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత కారుకు అలైన్‌మెంట్ చివర చేసే పని. దానితో మొదలుపెడితే డబ్బు పోతుంది, టైరు పోతుంది, ఘాట్ రోడ్డు మీద ప్రాణం కూడా పోవచ్చు.

ఇది నాకు నేర్పినవాడు ఖమ్‌తరాయ్ వైపు ఒక రేకుల షెడ్డులో పనిచేసే మేస్త్రీ. డెబ్భై దాటిన మనిషి. మేం బాబాయ్ అని పిలుస్తాం. వాళ్ళ నాన్న ఇక్కడి వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరు. వ్యాగన్ చక్రాల జతను ఇరుసుతో సహా బయటికి తీసి, రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలిచే పని. మన బ్రాడ్‌గేజ్‌లో ఆ దూరం 1600 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తేనే చక్రాన్ని పక్కన పెడతారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి చక్రం ఎక్కడ వంకరపోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఘాట్‌లో అలా జరిగాక బండి తెచ్చి ఆయన షెడ్డు ముందు ఆపగానే బాబాయ్ కిందికి వంగలేదు, పైకి చూడలేదు. ముందు టైరు మీద అరచెయ్యి వేశాడు. లోపలి నుంచి బయటికి ఒకసారి నెమ్మదిగా రాశాడు. బయటి నుంచి లోపలికి ఇంకోసారి. నన్నూ రాయమన్నాడు. లోపలి నుంచి బయటికి రాస్తే రంపం పళ్ళ మీద రాసినట్టు గరగరగా తగిలింది. వెనక్కి రాస్తే నున్నగా ఉంది. రెండో టైరు కూడా అలాగే ఉంది. బయటి అంచులు రెండు టైర్లకూ అరిగిపోయి ఉన్నాయి.

"సక్రాలు మొహమ్మొహం సూసుకుంతన్నాయమ్మా. లోపలికి తిరిగిపోనాయి" అన్నాడు.

కంప్యూటర్ తెర మీద పచ్చగా కనిపించిన బండి గురించి ఆ మాట అన్నాడు. ఆ మాట నిజం.

చక్రాలు లోపలికి తిరగడం అంటే ఏమిటో చెబుతాను. మనుషుల్లో కొందరు పాదాల వేళ్ళు లోపలికి పెట్టి నడుస్తారు, కొందరు బయటికి పెట్టి నడుస్తారు. కారు ముందు చక్రాలనూ అలాగే చూడాలి. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల మధ్య దూరం వెనకవైపు కన్నా ముందువైపు కాస్త తక్కువగా ఉంటే దాన్ని టో-ఇన్ అంటారు. ఎక్కువగా ఉంటే టో-ఔట్. వెనక చక్రాలు తోసే పాత కార్లకు కొద్దిపాటి టో-ఇన్ కావాలి. బండి నడుస్తున్నప్పుడు రోడ్డు రాపిడి ముందు చక్రాలను వెనక్కీ బయటికీ నెడుతుంది. కీళ్ళలో ఉండే సన్నని సందులన్నీ అటే సాగుతాయి. నిలబడినప్పుడు రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉన్న చక్రాలు నడకలో దాదాపు తిన్నగా అవుతాయి. ఇదీ దాని వెనకున్న ఆలోచన.

ఆ కొలత తప్పితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతాను. ఇది నా పాత అలవాటు, ఓపిక పట్టండి. టో-ఇన్ ఉండాల్సిన దానికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉందనుకుందాం. చక్రానికి ఒకటిన్నర. టైరు వ్యాసం సుమారు 67 సెంటీమీటర్లు. అంటే బండి ఒక కిలోమీటరు ముందుకి పోయేసరికి ఒక్కో ముందు టైరు 2 మీటర్లకు పైగా పక్కకి ఈడ్చుకుపోతుంది. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్‌కి సుమారు 300 కిలోమీటర్లు. ఆ దూరంలో టైరు 600 మీటర్లకు పైగా తారురోడ్డు మీద అడ్డంగా గీరుకుపోయిందన్నమాట. మూడు మిల్లీమీటర్లంటే పెసరగింజ అంత కూడా కాదు.

టో-ఇన్ కాక ఇంకో మూడు వాలులున్నాయి. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం తల బయటికి గానీ లోపలికి గానీ ఒరగడం. మన ఎడ్లబండి చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. అది ఇరుసు మీద నిట్టనిలువుగా ఉండదు, తల కాస్త బయటికి ఒరిగి ఉంటుంది. వడ్రంగులు తరతరాలుగా అలాగే చేశారు. క్యాస్టర్ అంటే పక్కనుంచి చూసినప్పుడు చక్రం కుడీ ఎడమా మళ్ళే నిలువు పిన్ను, అంటే కింగ్ పిన్, పైభాగం వెనక్కి వాలి ఉండడం. సైకిల్ ముందు ఫోర్కు వాలి ఉంటుంది కదా, అదే. చేతులు వదిలేసినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. మలుపు తిరిగాక కారు స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడానికీ అది ఒక కారణం. మూడోది ముందు నుంచి చూసినప్పుడు ఆ కింగ్ పిన్ తల లోపలికి వాలడం. పాత మహీంద్రా జీపుకు మూలమైన విల్లీస్ జీపు పుస్తకంలో క్యాస్టర్ 3 డిగ్రీలు, క్యాంబర్ 1.5 డిగ్రీలు, టో-ఇన్ అంగుళంలో 64కి 3 వంతుల నుంచి 32కి 3 వంతుల వరకు అని ఉంటుంది. అంటే 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. జీపున్నవాళ్ళు ఈ అంకెలు రాసుకోండి.

ఈ విద్య మోటారు బండితో పుట్టినది కాదు. గుర్రపు బండ్ల కాలం నాటిది. మొదట్లో నాలుగు చక్రాల బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు మొత్తం మధ్య మేకు చుట్టూ తిరిగేది. ఎక్కువ తిప్పితే బండి ఒరిగిపోయేది. మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు చేసే గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలకుండా ఉంచి చక్రాలు మాత్రం వేటికవి తిరిగేట్టు చేశాడు. మలుపులో లోపలి చక్రం చిన్న చుట్టు తిరగాలి, బయటి చక్రం పెద్ద చుట్టు తిరగాలి. అందుకని లోపలిది కాస్త ఎక్కువ తిరగాలి. అదీ అతను పట్టుకున్న కిటుకు. అతని తరఫున లండన్‌లో రుడాల్ఫ్ ఆకెర్‌మన్ 1818లో పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం పేటెంటు తీసుకున్నవాడికే మిగిలింది. ఈ రోజుకీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో దాన్ని ఆకెర్‌మన్ అమరిక అనే అంటారు. పని చేసినవాడి పేరు పోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తొలినాటి కార్లకు ముందు ఇరుసు ఒకే ఇనుప దూలం. దాని మీద రెండు కమాన్ కట్టలు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన బండి. ఈసారి వెళ్ళినప్పుడు దాని సింహాసనం లాంటి సీటునొక్కదాన్నే చూసి రాకండి. ముందు చక్రాల మధ్య ఆ ఇరుసు ఎలా ఉందో కూడా చూడండి. అలాంటి ఇరుసుల్లో క్యాంబర్ సర్దడానికి మరలేవీ ఉండవు. ఇరుసు వంగితే చల్లగా ఉండగానే ప్రెస్సులో పెట్టి సరిచేయాలి. క్యాస్టర్ కావాలంటే కమాన్‌కూ ఇరుసుకూ మధ్య సన్నని ఇనుప చీలికలు పెడతారు. మర తిప్పి మార్చగలిగింది టో-ఇన్ ఒక్కటే.

1920లలో లావు టైర్లు, ముందు చక్రాలకు బ్రేకులు వచ్చాయి. దాంతో ఈ దూలం ఇరుసుల బండ్లు వణకడం మొదలుపెట్టాయి. ఒక చక్రం గతుకెక్కితే ఇరుసు ఒరుగుతుంది. తిరిగే చక్రాన్ని ఒరగనిస్తే అది బొంగరం లాగా పక్కకి తిరగాలని చూస్తుంది. అటు తిరిగి, ఇటు తిరిగి, ఊగుడు అలా పెరుగుతూ పోతుంది. దాన్ని షిమ్మీ అన్నారు. రోల్స్ రాయిస్ నుంచి అమెరికా వెళ్ళి జనరల్ మోటార్స్‌లో చేరిన మారిస్ ఆలీ లాంటి ఇంజనీర్లు రెండు చక్రాలను విడివిడిగా వేలాడదీసే పద్ధతిని 1934 మోడళ్ళకు తెచ్చారు. మన అంబాసిడర్ ఆ తరవాతి తరం బండి. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి దీనికి మూలం. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసింది. దీని ముందు చక్రాలు విడివిడిగా టార్షన్ బార్ల మీద నిలుస్తాయి. స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్. కనుక ఇది వణకకూడదు. వణికిందంటే ఎక్కడో వదులుందని అర్థం.

మేస్త్రీ బాబాయ్ ఆ వదులు కోసమే వెతికాడు. మొదట నన్ను బండి నడుపుకుంటూ రైల్వే గేటు దాకా వెళ్ళి రమ్మన్నాడు. రాగానే చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు చక్రాల డ్రమ్ముల మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. కుడి డ్రమ్ము మీద నీళ్ళు జారిపోయాయి. ఎడమ డ్రమ్ము చుయ్యిమని ఆవిరి కక్కింది. ఎడమ బ్రేకు వీల్ సిలిండర్ పట్టేసి, పెడల్ వదిలినా బ్రేకు వదలడం లేదు. ఇన్నాళ్ళూ బండి ఎడమకు లాగింది అందుకు. అలైన్‌మెంట్‌కూ దానికీ సంబంధమే లేదు. టో-ఇన్ తప్పితే బండి ఒక పక్కకి లాగడం అరుదు, ఎందుకంటే ఆ తప్పు రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి. ఈ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. షాపుకి వెళ్ళేముందు ఆలోచించాలని మాత్రం తోచలేదు.

తరవాత బండిని జాకీ మీద లేపి, కింద ఇనుప స్టాండ్లు పెట్టాడు. ఒక్క జాకీ నమ్ముకుని బండి కిందికి తల పెట్టకూడదు. ఈ ఒక్క మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపాడు. టకటకమని చప్పుడు. "బ్రేకు తొక్కమ్మా" అన్నాడు. తొక్కాను. మళ్ళీ ఊపాడు. చప్పుడు పోలేదు. బ్రేకు తొక్కినప్పుడు ఆట ఆగిపోతే బేరింగు వదులు. తొక్కినా ఆగకపోతే కింగ్ పిన్ అరిగినట్టు. తరవాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టి ఊపాడు. టై రాడ్ చివర బాల్ జాయింటు దగ్గర నా వేలు పెట్టించాడు. చక్రం కదిలినప్పుడల్లా ఆ కీలు లోపల వేలికి తగిలేట్టు పొడుచుకుంది. ఇలా ఊగే కీళ్ళ మీద కంప్యూటర్ కొలత తీసింది. ఆ క్షణంలో చక్రం ఎటు ఒరిగి ఉంటే అదే కొలత. పది నిమిషాల తరవాత తీస్తే ఇంకో కొలత వచ్చేది.

"ఒదులున్న కాడ కొలత నిలవదమ్మా. ముందు ఒదులు తియ్యాల. కొలత ఆకర్న" అన్నాడు.

కింగ్ పిన్‌ల పని మూడు రోజులు పట్టింది. కొత్త పిన్నులు, కొత్త బుష్‌లు, టై రాడ్లకు కొత్త బాల్ జాయింట్లు. పాత పిన్ను తీసి నా చేతిలో పెట్టాడు. ఒక పక్క గోటితో తడిమితేనే తెలిసేంత మెట్టు పడి ఉంది. దానికి గ్రీజు వెళ్ళే రంధ్రం ఎండిన మట్టితో మూసుకుపోయి ఉంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలన్నది ఎడ్లబండి గురించి. ఈ బండి మాత్రం చప్పుడు చేయకుండానే అరిగింది. నేను ఏడాదికోసారి గ్రీజు కొట్టిస్తూనే ఉన్నాను. కానీ బండి నేల మీద ఉండగా కొట్టేవారు. బరువు మోసే వైపు పిన్నూ బుష్‌షూ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, గ్రీజు అటు పోదు. చక్రాన్ని గాల్లోకి లేపి, అటూ ఇటూ తిప్పుతూ గ్రీజు గన్ను కొట్టాలి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, కొత్తది రంగు మారకుండా కనబడే దాకా కొట్టాలి. నాకు ఇది యాభై ఏళ్ళ తరవాత తెలిసింది.

కొలత రోజు తెల్లవారి ఆరు గంటలకే రమ్మన్నాడు. రాయ్‌పూర్ ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. ఎండలో ఒక పక్క టైరు వేడెక్కితే గాలి పెరిగి ఎత్తు మారుతుంది. నాలుగు టైర్లలో గాలి చల్లగా ఉండగా చూశాడు. షెడ్డు నేల మట్టంగా ఉందో లేదో తాపీ మేస్త్రీల రసమట్టంతో చూశాడు. ఒక చక్రం కింద రెండు పాత అట్టలు పెట్టాడు. టార్షన్ బార్లు సాగాయేమోనని ఎడమా కుడీ ఎత్తు కొలిచాడు. అది సరిగానే ఉంది.

ఇక అసలు పని. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, చేత్తో తిప్పుతూ, టైరు మధ్యన చుట్టూ సుద్దముక్క పూశాడు. తరవాత ఒక చెక్కదిమ్మెకు కొట్టిన మేకును కదలకుండా ఆనించి పట్టి మళ్ళీ తిప్పాడు. సుద్ద మీద వెంట్రుకంత సన్నని గీత చుట్టూ పడింది. టైరుకైనా రిమ్ముకైనా ఎంతో కొంత వంకర ఉంటుంది. ఈ గీతకు అది అంటదు. రెండో చక్రానికీ అలాగే గీశాడు. బండి దించి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలాడు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని ముందుకి ఓ పది అడుగులు నెట్టించాడు. వెనక్కి మాత్రం నెట్టనివ్వలేదు. వెనక్కి నెడితే కీళ్ళు అటు వాలి కొలత తప్పుతుంది.

ఆయన దగ్గర ఒక ఇనుప గొట్టం ఉంది. రెండు చివర్లా నిలువుగా రెండు చువ్వలు. వాళ్ళ నాన్న చేసిందట, రైల్వేలో చక్రాల గేజి చూసి. బండి కింద ఇంజను అడ్డం ఉంటుంది కాబట్టి టేపు నేరుగా లాగలేం, గొట్టం ఇంజను కిందుగా దూరుతుంది. చక్రం ముందువైపు, ఇరుసు ఎత్తులో, రెండు గీతల మీదా చువ్వల మొనలు ఆనేట్టు సర్ది బిగించాడు. గీతల మీద ఆ చోట చిన్న చుక్కలు పెట్టాడు. బండిని సరిగ్గా సగం చుట్టు ముందుకి నెట్టించాడు. ముందున్న చుక్కలు వెనక్కి వచ్చాయి. అదే గొట్టాన్ని వెనకవైపు పెట్టాడు. మొన గీతను తాకలేదు. ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూశాం. 7 మిల్లీమీటర్లు. కొత్త బాల్ జాయింట్లు పడ్డాక కొలత ఎలాగూ కొంత మారుతుంది. అయినా అరచేత్తో తడిమి ఆయన చెప్పిందీ, గొట్టం చూపించిందీ ఒకటే దిక్కు.

సరిచేయడానికి ఇరవై నిమిషాలు చాలింది. రెండు వైపులా టై రాడ్ల లాక్ నట్లు వదులు చేసి, ఎడమ రాడ్డు ఎంత తిప్పితే కుడి రాడ్డూ అంతే తిప్పాడు. ఒక్క పక్కే తిప్పితే చక్రాలు సరిపోతాయి గానీ స్టీరింగ్ వంకర నిలబడుతుంది, ర్యాక్ మధ్యకి రాదు. నా బండికి రింగురోడ్డు మీద జరిగింది అదే. పావు చుట్టు తిప్పడం, బండి నెట్టడం, కొలవడం. మళ్ళీ పావు చుట్టు. బండి పుస్తకంలో అంకె అంగుళాల్లో ఉంది. ఆ అంకె ఆనాటి క్రాస్ ప్లై టైర్లకు రాసింది. ఇప్పుడు రేడియల్ టైర్లు వేసుకున్నవాళ్ళు పుస్తకం చెప్పినదాంట్లో తక్కువ వైపు అంచుకు ఉంచుకోవడం మంచిది. రేడియల్స్‌కు అంత టో-ఇన్ అక్కర్లేదు. చివర దారం ఒకటి వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి, ముందు వెనక చక్రాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశాడు. లాక్ నట్లు బిగించాక మళ్ళీ కొలిచాడు. బిగించేటప్పుడు రాడ్డు కూడా తిరగడం మామూలే.

ఆ సాయంత్రం నవా రాయ్‌పూర్ వైపు వెడల్పాటి ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాం. వేగం 60 దాకా పోనిచ్చి, ఆయన చెప్పగా స్టీరింగ్ మీద వేళ్ళు ఆనీ ఆననట్టు ఉంచాను. బండి తన దారిన తాను పోయింది. కాస్త దూరం పోయాక ఎడమకు వెంట్రుకవాసి జరిగింది. రోడ్డు మధ్య నుంచి ఎడమ అంచుకు వాన నీళ్ళు పోవడానికి వాలు ఉంటుంది కదా, ఆ మాత్రం జరగాలి.

"ఇప్పుడు తిన్నగుందమ్మా" అన్నాడు బాబాయ్. అంతకన్నా ఏమీ అనలేదు.

ఇంకో సంగతి. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాహనాలను వింటేజ్ బండ్లుగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే బండి నంబరు పలకలో రాష్ట్రం అక్షరాల తరవాత వీఏ అని వస్తుంది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తరవాత తిరిగి నమోదుకు 5,000. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి పనికిరావు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి నడపవచ్చు. దీనివల్ల పాకల్లో, షెడ్లలో పడి ఉన్న పాత బండ్లు మళ్ళీ రోడ్డెక్కుతున్నాయి. నాకు సంతోషమే. కానీ రంగు వేయించడానికీ, క్రోమియం మెరిపించడానికీ లక్షలు పెట్టేవాళ్ళు కింగ్ పిన్ గురించి అడగడం నేను చూడలేదు. యాభై ఏళ్ళ బండి మెరిస్తే చాలదు, ఘాట్ మీద చేతికి లొంగాలి. అందులో కూర్చునేది మన పిల్లలు. ఎదురొచ్చే బండిలోనూ ఎవరి పిల్లలో ఉంటారు.

ఈ విద్య తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, రాజమండ్రి, వరంగల్, ఏ ఊళ్ళో అయినా లారీ షెడ్ల దగ్గర అడగండి, జీపులూ ఫియట్లూ అంబాసిడర్లూ చూసిన పెద్ద మేస్త్రీ ఒకరు కనబడతారు. వాళ్ళ పక్కన కూర్చుని రాసుకోండి. ఏ బండికి ఎంత కొలత, ఏ కీలు ముందు అరుగుతుంది, గ్రీజు ఎలా కొట్టాలి. నేను మా బండి డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి పేజీలో తేదీ, టైరు గాలి, టో-ఇన్ కొలత, కింగ్ పిన్ మార్చిన కిలోమీటరు అంకె ఉన్నాయి. మా మనవరాలు రేపు ఈ బండి నడిపితే ఆ పేజీ తనకు పనికొస్తుంది.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, అలైన్‌మెంట్ షాపుకి పోయేముందు, ఈ ఆదివారం ఉదయం ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. టకటకమని వినిపిస్తే బండి బయటికి తీయకండి. మేస్త్రీని ఇంటికి పిలవండి.